బోరుబావికి స్వాగతం చెప్పిన యంత్రం

మా అమ్మ ఒంగోలులో ఎవరు అడిగినా "మా శాంతి బెంగుళూరులో ఫోన్లు బాగుచేస్తుంది" అనే చెప్పేది. మొదట్లో దిద్దేదాన్ని. తర్వాత విసుగుపుట్టి వదిలేశాను. నిజం చెప్పాలంటే ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేను ఒక్క ఫోను కూడా విప్పి చూడలేదు. ఫోన్లను గుర్తుపట్టే యంత్రాన్ని కనిపెట్టుకుని ఉండటం నా పని.

ఈమధ్యే రిటైరయ్యాను. మా విభాగంలో కొత్తగా చేరుతున్న పిల్లల కోసం ఏదైనా రాసిపెట్టమని అడిగారు. యంత్రం ఎలా నడపాలో చెప్పే పుస్తకాలు మీకు ఎలాగూ ఇస్తారు. ప్రమోషన్ల గొడవలు రాద్దామంటే సగం గుర్తులేవు. గుర్తున్నవి రాస్తే ఇద్దరు ముగ్గురు నాతో మాట్లాడటం మానేస్తారు. అందుకని ఒక బోరుబావి గురించి రాస్తాను. దానికి ముందు కొంచెం యంత్రం గురించి, కొంచెం మా చర్చి గురించి చెప్పాలి. ఓపిక పట్టండి.

గుమ్మం దగ్గర కాపలా

మీరు ఒక సిమ్ తీసి వేరే ఫోనులో వేశారనుకోండి. ఆన్ చేయగానే ఆ ఫోను దగ్గర్లోని టవరుకు తన సంఖ్య చెప్పుకుంటుంది. అది మీ ఫోను నంబరు కాదు. ఫ్యాక్టరీలో తయారైనప్పుడే ఫోనుకు వేసిన గుర్తింపు సంఖ్య. మా యంత్రం ఆ సంఖ్యనూ, మీ సిమ్‌నూ పక్కపక్కన పెట్టి చూస్తుంది. నిన్నటిదాకా ఈ సిమ్ వేరే ఫోనులో ఉందే, ఇవాళ ఇందులోకి ఎలా వచ్చింది అని గమనిస్తుంది. గమనించి ఊరుకునే రకం కూడా కాదు. వెంటనే ఆ కబురు కంపెనీలో అన్ని విభాగాలకూ మోసేస్తుంది. ఇంటర్నెట్ సెట్టింగులు పంపేవాళ్ళకు చెబుతుంది, కస్టమర్ కేర్‌కు చెబుతుంది, మోసాలు పట్టే వాళ్ళకు చెబుతుంది. చివరికి "మీ కొత్త ఫోనుకు స్వాగతం" అని మీకే ఒక సందేశం పంపుతుంది. ఇదంతా మనిషి చెయ్యి పడకుండా, మీరు ఫోను జేబులో పెట్టుకునేలోపు జరిగిపోతుంది.

నాకు పొద్దుటి డ్యూటీ అంటే ప్రాణం. మా గదిలో గోడ నిండా ఒక పెద్ద తెర ఉండేది. దాని మీద ఊరి పటం, మేల్కొన్న ప్రతి ఫోనూ ఒక చుక్క. ముందు దేవనహళ్ళి వైపు వెలిగేది, విమానాలు దిగినవాళ్ళు ఫోన్లు ఆన్ చేసుకునేవాళ్ళు. తర్వాత మడివాళ వెలిగేది, అక్కడ పీజీల్లో ఉండే పిల్లలు ఎవరి షిఫ్టుకు వాళ్ళు లేచేవాళ్ళు. బయట అద్దాల మీద మంచు, చేతిలో టీ గ్లాసు, ఎదురుగా ఒక్కొక్కటే కళ్ళు తెరుస్తున్న ఊరు. అందులో ఒక్కరి పేరూ నాకు తెలియదు, తెలుసుకోవాలని ఉండేదీ కాదు. ఎవరో అమ్మ ఫోనులో తమ సిమ్ వేసుకుని వెళ్తున్నారు, ఎవరో పండక్కి కొత్తది కొనుక్కున్నారు, ఎవరో పగిలినదాన్ని పక్కన పడేసి పాతదాన్ని మళ్ళీ బయటికి తీశారు. ఇవన్నీ చుక్కలు నాతో చెబుతున్నట్టే ఉండేది. కొన్నిసార్లు టీ చల్లారిపోయేదాకా అలాగే చూస్తూ ఉండిపోయేదాన్ని.

మా పై అధికారి మూర్తి సార్ దీన్ని "శాంతి మేడమ్ ధ్యానం" అని వెక్కిరించేవారు. ఆయనది కోలారు వైపు పల్లె. ఇంట్లో తెలుగు, బయట కన్నడం, కోపం వస్తే ఇంగ్లీషు. పని తెలిసిన మనిషి. ఎదుటివాళ్ళు సగం చెప్పేలోపే మిగతా సగం తనే చెప్పేసే అలవాటు మాత్రం ఆయనకు చివరిదాకా పోలేదు.

ఆదివారం ఫోను

ఒకసారి మోసాలు పట్టే విభాగం వాళ్ళు మా యంత్రం ఇచ్చిన కబురు పట్టుకుని హడావుడిగా వచ్చారు. మడివాళలో ఒకే ఫోనులో ఒకే పూట వరసగా ఎన్నో సిమ్‌లు మారుతున్నాయి. ప్రతి ఆదివారం ఇదే తంతు. దొంగ కాల్స్ చేసే ముఠా అయి ఉంటుంది, ఆ సిమ్‌లన్నీ ఆపేద్దామన్నారు.

నాకు ఆ వేళ ఎక్కడో తెలిసినట్టు అనిపించింది. మా చర్చిలో తెలుగు ఆరాధన ముగిసే వేళ అది. టవరు కూడా మా చర్చి పక్కదే. ఆపకండి, వచ్చే ఆదివారం దాకా ఆగండి అన్నాను. మూర్తి సార్ "ఇప్పుడు సాక్ష్యాలు చర్చి నుంచి తెస్తారా మీరు" అన్నారు గానీ ఆగారు.

ఆదివారం ప్రార్థన అయ్యాక, చర్చి వెనక రేకుల షెడ్డు కింద గుంటూరు, ప్రకాశం వైపు నుంచి వచ్చిన నర్సు అమ్మాయిలు వరసలో నిలబడి ఉన్నారు. వాళ్ళలో ఒక్కరి దగ్గరే మంచి కెమెరా ఉన్న ఫోను ఉంది. ఒకమ్మాయి చీర పిన్నుతో సిమ్ ట్రే బయటికి లాగి, తన సిమ్ అందులో వేసి, ఇంటికి వీడియో కాల్ చేసి, అమ్మకు మొహం చూపించి, మళ్ళీ సిమ్ తీసి పక్కమ్మాయికి ఫోను ఇచ్చేది. ఒకరి సిమ్‌తోనే అందరూ చేయొచ్చు కదా అంటే, ఊళ్ళో అమ్మవాళ్ళు తెలియని నంబరు ఎత్తరట. తమ కూతురి నంబరు కనిపిస్తేనే ఎత్తుతారట. నేను అక్కడే నిలబడి నవ్వుకున్నాను. ఎందుకో కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి.

యంత్రం చెప్పింది అబద్ధమేమీ కాదు. ఆ ఫోనులో అన్ని సిమ్‌లు మారిన మాట నిజమే. దాని మీద మేము గదిలో కూర్చుని అల్లిన కథే తప్పు. ఈ పనిలో ఎక్కువ తప్పులు ఇలాగే జరుగుతాయి. ఆ తర్వాత యంత్రం ఇచ్చే వింత కబుర్లు ఏవి వచ్చినా మూర్తి సార్ "శాంతి మేడమ్‌కి పంపండి" అనడం మొదలుపెట్టారు. బావి సంగతి నా దాకా వచ్చింది అందుకే.

వెంకటమ్మ ఫిర్యాదు

హొసకోటెలోని మా కంపెనీ దుకాణం నుంచి ఒక ఫిర్యాదు మళ్ళీ మళ్ళీ వచ్చేది. కస్టమర్ కేర్ వాళ్ళు మూసేస్తే మళ్ళీ తెరుచుకునేది. వెంకటమ్మ అనే ఆవిడ తమ బోరు మోటారు నంబరుకు తన మరిది ఫోను చేయకుండా ఆపమని అడుగుతోంది. అడుగున ఎవరో "ఎవరూ ఫోను చేయకుండానే మోటారు తిరుగుతోందని కూడా కస్టమర్ అంటున్నారు" అని రాసి పక్కన నవ్వు బొమ్మ పెట్టారు. ఆ నవ్వు బొమ్మ చూసి నాకు ఒళ్ళు మండింది. ఆవిడకు ఫోను చేశాను.

మోటారుకు ఫోను నంబరేమిటని మీకు అనిపించొచ్చు. ఆ వైపు పొలాల్లో బోరు దగ్గర ఒక పెట్టె ఉంటుంది, మొబైల్ స్టార్టర్ అంటారు. అందులో ఒక సిమ్ వేస్తారు. రైతు ఇంట్లోంచే ఆ నంబరుకు రింగు ఇస్తే మోటారు తిరుగుతుంది, మళ్ళీ ఇస్తే ఆగుతుంది. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని చోట, పాములు తిరిగే గట్ల మీద పరుగెత్తక్కర్లేకుండా పోయింది.

వెంకటమ్మ భర్త మునియప్ప, ఆయన తమ్ముడు నంజప్ప. ఇద్దరికీ కలిపి ఒకటే బోరు. అందులో నీళ్ళు తక్కువ. కొంతసేపు తోడితే మళ్ళీ ఊరేదాకా ఆగాలి. అందుకని తండ్రి పెట్టిన వంతుల ప్రకారం ఒకరోజు అన్న, ఒకరోజు తమ్ముడు నీళ్ళు పెట్టుకునేవాళ్ళు. ఎవరి వంతు రోజు వాళ్ళే రింగు ఇవ్వాలి. స్టార్టర్ పెట్టినప్పటి నుంచీ, ఎవరూ రింగు ఇవ్వని వేళల్లో మోటారు తిరగడం మొదలైంది. నీళ్ళు ఎటు వాల్వు తెరిచి ఉంటే అటు పోయేవి. తమ వంతు వచ్చేసరికి గొట్టంలో గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు. తమ్ముడు దొంగతనంగా నీళ్ళు తోడుతున్నాడని అన్న అన్నాడు. అన్నే చేసి తన మీదికి తోస్తున్నాడని తమ్ముడు అన్నాడు. మాటలు ఆగిపోయాయి. బోరు ఉన్న చెక్క మునియప్ప వాటాలోది కాబట్టి, వచ్చే శుక్రవారం పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి బోరును తనొక్కడే తీసుకుంటానంటున్నాడు. అదే జరిగితే నంజప్ప గులాబి తోటకు వేరే నీటి దారి లేదు.

అంతా విన్నాక, మరి మీ మరిది ఫోనును ఎందుకు ఆపమంటున్నారు, మీరు కూడా అతన్నే అనుమానిస్తున్నారా అని అడిగాను.

"అయ్యో కాదు మేడమ్," అంది. "వానిది ఆపేస్తే గూడా మోటారు తిరిగిందనుకో, వాడు కాదని మా ఆయనకి తెలస్తాది గదా. అందుకే అడగతా ఉండాను."

ఆమె ఆ ఇంటికి కోడలిగా వచ్చేసరికి నంజప్ప పాలుతాగే వయసు కొంచెం దాటిన పిల్లాడట. అత్తగారు అప్పటికే లేరు. చంకనేసుకుని పెంచింది ఈవిడే. ఇప్పుడు వాడు గట్టుకు అవతలే ఉన్నాడు, ఈ గుమ్మం తొక్కడం లేదు. "నా చేతి ముద్ద లేకుండా వానికి దినం గడిచేది కాదు," అంది. ఆ సిమ్ మునియప్ప పేరు మీద ఉంది. దాని వివరాలు చూడొచ్చా అని అడిగితే, ఆయనకే ఫోను ఇచ్చి సరే అనిపించింది.

పరిచయం లేని అతిథి

ఆ సిమ్‌ను మా యంత్రంలో చూశాను. ఆ స్టార్టర్ పెట్టె ఎక్కడో చిన్న కార్ఖానాలో తయారైంది. మా యంత్రం దగ్గరున్న పరికరాల జాబితాలో అలాంటిది లేదు. జాబితాలో లేనిదాన్ని గుర్తుపెట్టుకోవద్దని మేమంతా ఎప్పుడో ఒక నియమం పెట్టాం, అనవసరంగా చోటు దండగని. దాంతో ఏమైందంటే, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఆ పెట్టె మేల్కొని టవరుకు తన సంఖ్య చెప్పుకునేది. మా యంత్రం దానివైపు చూసి, నిన్ను ఇంతకుముందు చూడలేదే అనుకుని, "మీ కొత్త ఫోనుకు స్వాగతం" అని సందేశం పంపేది. మర్నాడు మళ్ళీ స్వాగతమే. ఆ పెట్టెకేమో చదువు రాదు. రింగు వచ్చినా సందేశం వచ్చినా దానికి ఒకటే, ఎవరో పిలిచారు, మోటారు తిప్పాలి.

ప్రకటనల సందేశాలు రాకుండా పెట్టె బిగించిన మెకానిక్ ముందే ఆపించాడు. కానీ మాది ప్రకటన కింద రాదు, సేవ కింద వస్తుంది. దాన్ని బయటివాళ్ళెవరూ ఆపలేరు. పైగా సందేశం ఒక్కోసారి వెంటనే చేరుతుంది, ఒక్కోసారి చాలాసేపటికి చేరుతుంది. అందుకే కరెంటుకూ దీనికీ ఉన్న సంబంధం వాళ్ళకు తట్టలేదు.

ఇది నా ఊహ మాత్రమే. ఊహ పట్టుకుని అన్నదమ్ముల మధ్యకు వెళ్ళకూడదు. మూర్తి సార్‌ను అడిగితే, గొణుగుతూనే వెళ్ళి చూసి రమ్మన్నారు.

పాత మద్రాసు రోడ్డు మీద హొసకోటె దాటి లోపలికి తిరిగాక ఊరు వస్తుంది. నేను వెళ్ళేసరికి ఇంకా మంచు పూర్తిగా విడలేదు. గులాబి చాళ్ళ మధ్య ఆడవాళ్ళు పూలు కోస్తున్నారు, వాళ్ళ నడుముల దాకా మంచే. వెంకటమ్మ పొట్టిగా, గట్టిగా ఉంది. నన్ను చూసి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. అన్నదమ్ములిద్దరూ వచ్చారు గానీ బోరుకు చెరో పక్క నిలబడ్డారు. ఏం చెప్పాలన్నా వెంకటమ్మ వైపు చూసే చెప్పేవారు. "ఆయన్ని అడగమను", "వాన్ని చెప్పమను". మధ్యలో ఆమె ఇద్దరి మాటా మోస్తూ అటూ ఇటూ చూసేది. చూస్తే నవ్వూ వచ్చింది, బాధా వేసింది.

అప్పుడు కరెంటు లేదు. బోరు పక్కన బట్టలుతికే బండ ఉంది. అందరి ఫోన్లూ దాని మీద పెట్టమన్నాను. మునియప్పది, నంజప్పది, వెంకటమ్మది, నాది కూడా. ఎవరూ ముట్టుకోవద్దు, కరెంటు వచ్చేదాకా ఇక్కడే కూర్చుందాం అన్నాను.

కూర్చున్నాం. ఎండ మెల్లగా గట్ల మీదికి ఎక్కింది. గులాబి వాసన, తడి మట్టి వాసన. ఎవరో దూరంగా ఆవుల్ని అదిలిస్తున్నారు. నాకు మా పొద్దుటి గదిలో కూర్చున్నట్టే అనిపించింది, కాకపోతే ఈసారి చుక్క లోపలికి వచ్చి కూర్చున్నట్టు. ఇన్నేళ్ళూ తెర మీద చూసిన వెలుగుల వెనక ఇలాంటి చోట్లు ఉంటాయని ఒక్కసారీ ఆలోచించలేదు.

పెట్టె మీద ఎర్ర దీపం వెలిగింది. కరెంటు వచ్చింది. అందరం మోటారు వైపు చూశాం. ఏమీ కాలేదు. ఇంకాసేపు చూశాం. ఏమీ కాలేదు. మునియప్ప పైపంచె దులుపుకుని లేచాడు. ఆయన మొహంలో నేను చెప్పలేదా అన్న చూపు. తప్పు ఊహతో ఇంత దూరం వచ్చి నంజప్ప మీద నింద ఇంకా గట్టిపరిచి పోతానేమో అనిపించింది.

అప్పుడు పెట్టెలో టక్కుమంది. భూమి లోపలెక్కడో మోటారు మూలిగింది. గొట్టం వణికింది, గరగరమని గాలి కక్కింది, ఆ వెంటనే నీళ్ళు తొట్టిలోకి దూకాయి. బండ మీద నాలుగు ఫోన్లూ కదలకుండా పడి ఉన్నాయి. నంజప్ప మొహం అటు తిప్పుకున్నాడు. వెంకటమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అందరికంటే ముందు మాట్లాడింది మునియప్పే. నావైపు చూస్తూ అన్నాడు.

"ఈ పొద్దు తిరిగింది, సరే. ఇన్నినాళ్ళూ ఇట్లే తిరిగిందని ఎట్ల నమ్మేది? తిరగకుండా జెయ్యండి. అప్పుడు మాట్లాడదాం."

అది మొండితనం అని అప్పుడు కోపం వచ్చింది. తర్వాత అర్థమైంది. నెలల తరబడి తమ్ముణ్ణి దొంగ అన్న మనిషికి, ఒక్క పూటలో ఆ మాట వెనక్కి తీసుకునే దారి కావాలి. నేను తిరిగి బయల్దేరుతుంటే వెంకటమ్మ ఒక సంచీ నిండా గులాబీలు చేతిలో పెట్టి, శుక్రవారం లోపల అవుతుందా అని మాత్రం అడిగింది.

తెర మీద పల్లెలు

ఆ ఒక్క సిమ్‌కు సందేశం రాకుండా నేనే ఆపొచ్చు. కానీ నడుస్తున్న యంత్రంలో ఎవరికోసమూ చేత్తో మినహాయింపులు పెట్టకూడదని మూర్తి సార్ గట్టి నియమం. ఆ నియమం మంచిదే. ఒకరికి పెడితే పదిమందికి పెట్టాల్సి వస్తుంది, చివరికి యంత్రం ఎందుకు ఏం చేస్తోందో ఎవరికీ తెలియకుండా పోతుంది. మరి నియమాన్నే మార్చండి, తెలియని పరికరాలకు స్వాగతం మానేద్దాం అన్నాను. దానికీ ఒప్పుకోలేదు. నెలకెన్ని కొత్త ఫోన్లకు స్వాగతం చెప్పామో పెద్దాఫీసు వాళ్ళు చూసుకుని మురిసిపోతారట. ఎక్కడో ఒక రైతు పెట్టె సరిగ్గా లేదని దాన్ని తగ్గించలేమన్నారు. పెట్టె మార్చుకోమని చెప్పండి అన్నారు.

వాదించి లాభం లేదని నాకు తెలుసు. మర్నాడు పొద్దున ఆయన రాకముందే గోడ మీది తెరలో అన్ని ఫోన్లనూ తీసేసి, మా యంత్రం రోజూ కొత్తగా స్వాగతం చెబుతున్న తెలియని పరికరాలను మాత్రమే ఉంచాను. ఊరంతా చీకటైపోయింది. బెంగుళూరు మధ్యలో అక్కడక్కడా కొన్ని మినుకుమంటున్నాయి. లిఫ్టులో, నీళ్ళ ట్యాంకులో, స్కూలు బస్సులో, ఏమిటో ఎవరికి తెలుసు. ఊరు దాటాక మాత్రం పొలాలు. పొలాల నిండా చుక్కలు.

మూర్తి సార్ టీ గ్లాసుతో వచ్చి, నా ధ్యానం గురించి ఏదో అనబోయి తెర వైపు చూసి ఆగారు. సరిగ్గా అప్పుడే కోలారు వైపున ఒక చుక్క వెలిగింది. దాని పక్కన ఇంకొకటి. ఒకదాని తర్వాత ఒకటి, వంకర గీతలా వెలుగుతూ పోయాయి. ఆయన గ్లాసు బల్ల మీద పెట్టి దగ్గరికి వెళ్ళారు.

"మా ఊరికి కరెంటొచ్చిందప్పా," అన్నారు మెల్లగా. ఆయన నోట అప్పా అనే మాట ఆఫీసులో వినడం నాకు అదే మొదటిసారి. "ఇది మా ఊరి లైను. ఇవన్నీ మోటార్లు."

చాలాసేపు చూస్తూ నిలబడ్డారు. ఆ గీత ఎక్కడ చీలుతుందో, ఏ చెరువు పక్క నుంచి పోతుందో వేలితో చూపిస్తూ తనలో తనే చెప్పుకున్నారు. ఈసారి ధ్యానం ఆయనది, నేను వెక్కిరించలేదు. ఇందులో ఎన్ని ఇళ్ళల్లో ఎవరు ఎవర్ని అనుమానిస్తున్నారో అని మాత్రం అన్నాను. ఆయన గురువారం సాయంత్రంలోగా కొత్త నియమం ఎక్కించమని మా విభాగం అబ్బాయిలకు చెప్పి, పెద్దాఫీసు వాళ్ళతో తను మాట్లాడుకుంటానని వెళ్ళిపోయారు.

కొత్త నియమం చాలా చిన్నది. తెలియని పరికరం వస్తే గుర్తుపెట్టుకో. దానికి సందేశం పంపకు. అది వచ్చిందని ఎవరికీ చెప్పకు. మనుషులు చూసి అదేమిటో తేల్చాక, అప్పుడు చూద్దాం.

ఈ పనిలోకి వచ్చే మీకు నేను చెప్పగలిగింది ఇంతే. తెలుసుకోవడం యంత్రానికి నేర్పడం తేలిక. తెలుసుకున్నదాన్ని క్షణంలో ఊరంతా చాటడం ఇంకా తేలిక, అందుకే అందరూ ముందు అదే చేస్తారు. మీ ముందున్న చుక్క ఫోను కావచ్చు, నలుగురు అమ్మాయిలు పంచుకునే ఆదివారం కావచ్చు, ఒక ఇంటి నీళ్ళు కావచ్చు. తెలియకపోతే ఊరుకోవడం నేర్పండి. దానికి మీ పై అధికారి ఒప్పుకోకపోతే ఆయన ఊరి పేరు కనుక్కోండి.

శుక్రవారం

ఆ రోజు నాకు పొద్దుటి డ్యూటీయే. పటంలో హొసకోటె అవతలి ఆ ఒక్క చోటే చూస్తూ కూర్చున్నాను. చెప్పడానికి సిగ్గేమీ లేదు, ప్రార్థన కూడా చేసుకున్నాను. కరెంటు వచ్చినట్టుంది, ఆ చుక్క వెలిగింది. యంత్రం దాన్ని చూసింది, నిన్నటిదే అనుకుంది, ఊరుకుంది. అటు పొలంలో ఏం జరిగిందో నాకు తెలిసే దారి లేదు.

మధ్యాహ్నం వెంకటమ్మ ఫోను చేసింది.

"ఏమీ కాలేదు మేడమ్," అంది.

నా ఉద్యోగం మొత్తంలో ఎవరూ నాకు అంత మంచి మాట చెప్పలేదు. పెద్దమనుషులు వచ్చారట. కరెంటు వచ్చాక చూద్దామని మునియప్పే అన్నాడట. ఫోన్లన్నీ బండ మీద పెట్టారు. కరెంటు వచ్చింది, మోటారు తిరగలేదు. కాసేపు చూశారు, తిరగలేదు. పెద్దమనుషులకు విసుగొచ్చి, భోజనాలు చేసి వెళ్ళిపోయారు. బోరు ఎవరిదనే మాట ఎవరూ ఎత్తలేదు.

మరి వాళ్ళిద్దరూ ఏం చేస్తున్నారని అడిగాను.

"ఆడనే కూసోని ఉండారు. లేసేది లేదు, మాట్లాడేది లేదు. సుమ్నే, ఊరికే కూసోని ఉండారు," అంది. గొంతు తగ్గించి, "ఉండండి, ఏమో అంటా ఉండాడు," అని ఫోను చెవి నుంచి దించింది.

దూరంగా మునియప్ప గొంతు వినిపించింది. నీళ్ళు పెట్టరా అంటున్నాడు. నంజప్ప ఏదో గొణిగాడు. తర్వాత అతని మాట స్పష్టంగా వినిపించింది.

"ఈ పొద్దు నీ వంతు గదన్నా."

"నాదే," అన్నాడు మునియప్ప. "నువ్వు రింగు కొట్టు."

గాలి చప్పుడు, ఎక్కడో ఆవు మెడ గంట. తర్వాత గొట్టం దగ్గింది, నీళ్ళు తొట్టిలో పడిన చప్పుడు వినిపించింది. ఆమె ఫోను పెట్టేయడం మరిచిపోయి, గట్టు మీద నిలబడి పిలిచింది.

"నంజా, రారా, ముద్ద సల్లారిపోతాది."